దీపం కింది చీకటి

ప్రవేశిక

సముద్రయానానికి దారి చూపిన దీపస్తంభాల చరిత్రలో వాటిని వెలిగించిన మనుషుల పేర్లు అరుదుగా కనిపిస్తాయి. యంత్రం మనిషి స్థానాన్ని ఆక్రమించిన తరువాత, ఆ మనిషి నిర్వహించిన బాధ్యత ఏమవుతుందన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. తీరప్రాంతానికి దూరంగా ఉన్న సిద్దిపేట వంటి మెట్టసీమలకు కూడా ఆ ప్రశ్న వర్తిస్తుందని నిరూపించడం దీని ఉద్దేశం.

వ్యాసం

సిద్దిపేట నుండి సముద్రం సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడి వారికి కెరటమంటే కోమటిచెరువు మీద గాలికి లేచే చిన్న అల మాత్రమే. ఇటువంటి ఊరిలో కూర్చుండి దీపస్తంభాలను గురించి ఆలోచించడం వింతగా తోచవచ్చు. కాని నేల మీద గీతలు గీసి హద్దులు పెట్టుకున్నది మనుషులే గాని నీరు కాదు. సిద్దిపేట జిల్లాలో పారే కూడవెల్లి వాగు ఎగువ మానేరును చేరుతుంది. మానేరు గోదావరిలో కలుస్తుంది. గోదావరి ధవళేశ్వరం దాటి గౌతమిగా, వసిష్ఠగా చీలి బంగాళాఖాతంలో లీనమవుతుంది. పెద్ద జలాశయాలు లేని రోజులలో, మన చెలకలలో వానకు కొట్టుకుపోయిన మట్టి ఆ దారి వెంట ప్రయాణించి, నదీముఖాన ఇసుకమేటలుగా పేరుకొన్న మట్టిలో కలిసింది. నావికులను భయపెట్టిన ఆ మేటలలో మన నేల పాలు కూడ పిడికెడు ఉన్నది. కనుక ఆ మేటల మీద వెలిగిన దీపం కథ మనకు పరాయిది కాదు.

తెలుగు తీరం సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవైనది. అది అంతటా ఒకే తీరుగా ఉండదు. ఉత్తరాన శ్రీకాకుళం మొదలు విశాఖపట్టణం వరకు కొండలు సముద్రాన్ని ఒరసుకొని నిలుస్తాయి. అక్కడి ప్రమాదం నీటిలో దాగిన రాళ్ళది. దక్షిణాన గోదావరి, కృష్ణా ముఖద్వారాల వద్ద నేల చదునుగా, పల్లంగా ఉంటుంది. అక్కడి ప్రమాదం కంటికి కనిపించని ఇసుకది. ఓడ మీది నావికుడికి కొండ పదిమైళ్ళ దూరాన్నే కనబడి హెచ్చరిస్తుంది. చదును నేల మాత్రం, ఓడ అడుగు ఇసుకను తాకేదాకా తన ఉనికిని చెప్పదు.

దీపస్తంభాలు రాకముందు నావికులకు గుళ్ళ గోపురాలు, కొండ శిఖరాలు, ఎత్తైన తాటిచెట్లు ఆనవాళ్ళుగా ఉపకరించాయి. ఒడిశా తీరంలోని పూరీ జగన్నాథాలయాన్ని ఐరోపా నావికులు 'తెల్ల పగోడా' అనీ, కోణార్క సూర్యాలయాన్ని 'నల్ల పగోడా' అనీ తమ పటాలలో గుర్తించుకున్నారు. భక్తుడికి మోక్షమార్గం చూపిన శిఖరమే నావికుడికి రేవుమార్గం చూపింది. అయితే ఆ ఉపకారం పగటిపూటకే పరిమితం. కార్తీకమాసంలో ధ్వజస్తంభాల మీద ఆకాశదీపం వెలిగించే ఆచారం మన దేవాలయాలలో నేటికీ ఉన్నది. ఎత్తున పెట్టిన దీపం దూరాన ఉన్నవారికి అన్న భావన మనకు కొత్త కాదు. ఆ భావనను ఏడాది పొడుగునా, ఒక్క రాత్రి కూడ తప్పకుండా ఆచరించవలసిన విధిగా మార్చినది దీపస్తంభం.

ఆ విధి ఎంత అవసరమైనదో తెలుపుటకు 1867 నాటి ఒక ఉదంతం చాలును. అమెరికా నౌకాదళానికి చెందిన 'శాక్రమెంటో' అనే యుద్ధనౌక ఆ సంవత్సరం జూన్ 19న గోదావరి ముఖద్వారం దగ్గరి మేటలలో చిక్కుకొని ధ్వంసమైంది. దానికి నాయకత్వం వహించినవాడు నెపోలియన్ కాలిన్స్. అమెరికా అంతర్యుద్ధంలో శత్రునౌకను పట్టుకొని పేరుగాంచిన అనుభవశాలి. అంతటి నావికుడిని కూడ ఆ ఇసుక మోసగించింది. అదృష్టవశాత్తు ఓడలోని వారందరు ప్రాణాలతో బయటపడ్డారు. ఓడ మాత్రం మిగలలేదు. మిగిలింది దాని పేరు. నదీముఖ ప్రాంతంలోని ఇసుకమేటకూ, తరువాత అక్కడ వెలసిన దీపస్తంభానికీ నావికుల పటాలలో నేటికీ 'శాక్రమెంటో' అన్నదే వ్యవహారం. ఎక్కడి అమెరికా, ఎక్కడి కోనసీమ! ఒక ప్రమాదం రెంటినీ ఒక పేరుతో ముడివేసింది.

తెలుగు తీరం నాడు మద్రాసు రాజధానిలో భాగం. ఆ రాజధాని తొలి దీపం 1796లో సెంట్ జార్జి కోటలోని ఒక మేడ కప్పు మీద వెలిగింది. అది కొబ్బరినూనెతో వెలిగే వత్తుల దీపం. 1844లో దానికి బదులుగా ఒక రాతి స్తంభం లేచింది. అది నేటికీ మద్రాసు హైకోర్టు ఆవరణలో నిలిచి ఉన్నది. 1894లో హైకోర్టు భవన శిఖరం మీదికి దీపం మారింది. 1977లో మెరీనా తీరాన కొత్త స్తంభం వచ్చింది. మన తీరంలో, నేటి విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి వద్ద, సముద్రంలోని శిలల నుండి ఓడలను కాపాడుటకు 1847లో దీపస్తంభం నెలకొల్పారు. ఇంగ్లీషువారి నోట చింతపల్లి 'శాంతపిల్లి' అయి, ఆ రాళ్ళకూ దీపానికీ ఆ పేరే స్థిరపడింది. కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ చెంత వాకలపూడి, అంతర్వేది, మచిలీపట్నం వంటి చోట్ల దీపాలు వెలిగాయి. విశాఖపట్టణంలో డాల్ఫిన్స్ నోస్ అని పిలిచే కొండ మీది దీపస్తంభం 1957లో పని ప్రారంభించింది.

ఈ దీపాలు కేవలం వర్తకుల సరుకును కాపాడలేదు. పందొమ్మిదవ శతాబ్దిలోనూ, ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలోనూ వేలాదిమంది తెలుగు కూలీలు కోరంగి, కాకినాడ, విశాఖపట్టణం మొదలైన రేవుల నుండి రంగూనుకు వలసపోయారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేటంతగా ఆ రాకపోకలు సాగాయి. రాత్రివేళ రేవు విడిచిన వలసకూలీకి స్వదేశపు చివరి చూపు తీరం మీది దీపమే అయి ఉండవచ్చు. తిరిగివచ్చే నాడు మొదటి చూపూ అదే అయి ఉండవచ్చు. ఆ కోరంగి రేవే 1789లోనూ, 1839లోనూ ఉప్పెనల పాలై, ఒండ్రుతో పూడి, క్రమంగా ప్రాభవాన్ని కోల్పోయింది. సముద్రం ఒడ్డున ఏదీ శాశ్వతం కాదని ఆ రేవు చెబుతున్న పాఠం.

స్తంభం కథ ఇది. ఇక దీపపు కాపరి కథ వేరు.

నేడు మీట నొక్కితే వెలిగే దీపాన్ని చూచి, నాటి శ్రమను ఊహించడం కష్టం. స్తంభం ఎంత ఎత్తైతే దీపం అంత దూరానికి కనబడుతుంది. భూమి గుండ్రంగా ఉండుటయే దానికి కారణం. సముద్రమట్టానికి 25 మీటర్ల ఎత్తున ఉన్న దీపం నీటిమట్టంలోని కంటికి సుమారు 18 కిలోమీటర్ల దాకా కనబడుతుంది. 100 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 36 కిలోమీటర్ల దాకా కనబడుతుంది. ఎత్తు నాలుగింతలైతే దూరం రెండింతలే అవుతుందన్నమాట. అందువలన కొండలు లేని చోట ఎత్తైన స్తంభం తప్పనిసరి. ఆ మెట్లన్నీ ప్రతిరోజూ నూనె డబ్బాలతో ఎక్కవలసినవాడు కాపరి.

ఫ్రాన్సు దేశస్థుడైన ఫ్రెనెల్ 1820ల తొలినాళ్ళలో దీపస్తంభాలకు ప్రత్యేకమైన కటకాన్ని రూపొందించాడు. దళసరి గాజుకు మారుగా వలయాలుగా అమర్చిన గాజు పట్టకాలు, నలుదిక్కులకు చెదరిపోయే కాంతిని పోగుచేసి సముద్రం వైపు పంపుతాయి. ఆ కటకం తిరిగితే దూరాన ఉన్న నావికుడికి దీపం మెరిసి ఆరినట్లు తోస్తుంది. ఎన్ని సెకన్లకు ఎన్ని మెరుపులన్నది ఒక్కొక్క స్తంభానికి ఒక్కొక్క తీరు. ఆ లెక్కను బట్టి నావికుడు చీకటిలోనే ఇది ఫలానా చోటని పోల్చుకుంటాడు. అంటే దీపం వెలగడమే కాదు, తన నడక తప్పకుండా వెలగాలి. మెరుపుల మధ్య వ్యవధి మారితే ఒక రేవును మరొక రేవని భ్రమించి ఓడ రాళ్ళ పాలు కావచ్చును. దీపం ఆరిపోవడం కన్న తప్పుగా వెలగడం ఎక్కువ ప్రమాదకరం.

విద్యుత్తు లేని కాలంలో ఆ కటకాన్ని తిప్పినది గడియారం వంటి యంత్రం. స్తంభం నడుమ గొలుసుకు వేలాడే బరువు మెల్లగా కిందికి దిగుతూ పళ్ళచక్రాలను తిప్పేది. బరువు అడుగుకు చేరగానే దానిని మళ్ళీ పైకి చుట్టాలి. రాత్రిలో ఇన్నిసార్లని లెక్క. ఒక్కసారి కునుకు పట్టినా దీపం నడక ఆగిపోతుంది. కిరోసిన్ దీపాలకు ఒత్తిడి తగ్గకుండా చూడాలి. తెల్లవారిన తరువాత గాజు మీది మసిని తుడవాలి. పగటివేళ సూర్యకిరణాలు కటకంలో దూరి నిప్పు పుట్టించకుండా తెరలు దించాలి. బరువైన కటకాలు సులువుగా తిరుగుటకు పలుచోట్ల వాటిని పాదరసపు తొట్టిలో తేలేటట్లు అమర్చారు. ఆ పాదరసపు ఆవిరి ఆరోగ్యానికి హానికరమని తరువాతి కాలం గ్రహించింది. ఇన్ని పనులు ముగిశాక, గాలి ఎటు వీచెను, మబ్బు ఎట్లుండెను, ఏ ఓడ ఎటు సాగెను, దీపం ఎప్పుడు వెలిగించి ఎప్పుడు ఆర్పితిమి అన్న వివరాలను పుస్తకంలో వ్రాసిపెట్టాలి.

'దీపం కింద చీకటి' అన్నది మన సామెత. దీపస్తంభం విషయంలో అది అక్షరాలా సత్యం. కాంతి అంతా దూరసముద్రం మీదికి పోతుంది. స్తంభం పాదం చీకటిలో ఉంటుంది. ఆ చీకటిలోనే కాపరి కుటుంబం వంట చేసుకొన్నది, పిల్లలను పెంచుకొన్నది, తుపాను రాత్రులను గడిపింది. ఊరికి దూరం, బడికి దూరం, మంచినీటికి దూరం. ఎవరి ప్రాణాలను తాను కాపాడుతున్నాడో కాపరికి తెలియదు. తమను ఎవరు కాపాడారో ఓడలోని వారికి తెలియదు. కృతజ్ఞత చెప్పేవారు, స్వీకరించేవారు ఒకరినొకరు ఎన్నడూ కలుసుకోని వృత్తి అది.

చరిత్ర కూడ ఆ చీకటిని తొలగించలేదు. అలెగ్జాండ్రియాలోని ప్రాచీన దీపస్తంభం నిర్మాణంతో సోస్ట్రాటస్ పేరు రెండువేల సంవత్సరాలకు పైగా ముడిపడి ఉన్నది. అక్కడ రాత్రి రాత్రీ మంట చల్లారకుండా చూచినవారి పేరు ఒక్కటీ మనకు దక్కలేదు. ఫ్రెనెల్ పేరు కటకానికి నిలిచింది. దానిని తుడిచిన చేయికి పేరు లేదు. అరుదైన మినహాయింపు ఇంగ్లండులోని గ్రేస్ డార్లింగ్. లాంగ్‌స్టోన్ దీపస్తంభపు కాపరి కుమార్తె అయిన ఆమె 1838 సెప్టెంబరు 7న తండ్రితో కూడి పడవ నడిపి, 'ఫోర్ఫార్‌షైర్' అనే ఓడ ప్రమాదంలో రాతి మీద చిక్కుకొన్న వారిని రక్షించి దేశమంతటా కీర్తి పొందింది. సాహసం చేసిన ఒక్క ఉదయానికి లోకం జేజేలు పలికింది. సాహసం అవసరం రాకుండా గడిచిన వేల రాత్రులకు మాత్రం ఏ చప్పట్లూ లేవు. నిజానికి దీపం సక్రమంగా వెలిగిన రాత్రి ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే కాపరి సాధించిన విజయం. జరగని ప్రమాదాన్ని చరిత్ర నమోదు చేయదు.

ఇరవయ్యవ శతాబ్దం ఈ వృత్తిని క్రమంగా మార్చివేసింది. పగలు కాగానే తనంత తానుగా ఆరి, చీకటి పడగానే వెలిగే గ్యాసు దీపానికి కవాటాన్ని కనిపెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు గుస్తావ్ డాలెన్‌కు 1912లో నోబెల్ బహుమతి లభించింది. తరువాత విద్యుత్తు, ఆపైన సౌరశక్తి వచ్చాయి. బ్రిటనులో కాపరి నివసించిన చివరి దీపస్తంభం నార్త్ ఫోర్లాండ్ 1998లో యంత్రాధీనమైంది. మన దేశంలో 1927 నాటి దీపస్తంభాల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. రేడియో సంకేతాలు, ఓడల కదలికలను గుర్తించే స్వయంచాలక వ్యవస్థలు మొదలైనవన్నీ దాని పరిధిలో చేరాయి. దీపం అన్నది నేడు నావికుడికి అందే అనేక సంకేతాలలో ఒకటి.

ఈ మార్పును నిందించడం నా ఉద్దేశం కాదు. పాదరసపు ఆవిరి పీల్చుతూ, నిద్ర లేక, బిడ్డల చదువుకు దూరమై ఒక మనిషి బ్రతకవలసిన అవసరాన్ని యంత్రం తొలగించినచో దానిని స్వాగతించవలసిందే. పాత కష్టాన్ని దూరం నుండి చూచి అందమని మురియడం, ఆ కష్టం పడనివారికి మాత్రమే సాధ్యమైన విలాసం. ఉపగ్రహాలు దారి చూపుతున్న నేడు దీపాలే అక్కరలేదని మరికొందరు వాదిస్తారు. ఈ వాదంతో ఏకీభవించలేము. ఉపగ్రహ సంకేతాలకు అంతరాయం కలగవచ్చును, పరికరం చెడిపోవచ్చును. చిన్న పడవ మీద వేటకు పోయే మత్స్యకారుడికి కంటికి కనబడే దీపం నేటికీ నమ్మదగిన ఆనవాలు. ఒక సాక్షి చెప్పిన మాటను మరొక సాక్షితో సరిచూచుకోవడం న్యాయస్థానంలోనే కాదు, సముద్రం మీద కూడ మంచి పద్ధతి.

అసలు ప్రశ్న యంత్రం కావాలా వద్దా అన్నది కాదు. యంత్రం మనిషి చేతిపనిని తీసుకొన్నది. మనిషి మోసిన బాధ్యతను ఎవరు తీసుకొన్నారు? దీపం ఆరితే యంత్రానికి సిగ్గు కలగదు, నిద్ర చెడదు. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు 'ఇది నాది, దీనికి నేను జవాబుదారిని' అనుకొంటేనే యంత్రమైనా సక్రమంగా నడుస్తుంది.

ఈ మాట సముద్రానికే పరిమితమైతే సిద్దిపేటలో దానిని చర్చించవలసిన పని లేదు. తెలంగాణ పల్లెలలో 'నీరటి' అనే వృత్తివాడు ఉండేవాడు. చెరువు తూము ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి, ఏ మడికి ఎంత నీరు పారాలి అన్నది అతని బాధ్యత. కుండపోత వాన కురిసిన రాత్రి ఊరంతా తలుపులు వేసుకొంటే, అతడు కట్ట మీద తిరిగేవాడు. కట్ట తెగని రాత్రి ఎవరూ అతనిని తలచుకోలేదు. దీపపు కాపరి, నీరటి ఒకరినొకరు ఎరుగరు. కాని వారిద్దరి వృత్తిధర్మం ఒక్కటే. ఏమీ జరగకుండా చూడడం.

కాకతీయుల నాటి నుండి గొలుసుకట్టు చెరువులతో బ్రతికిన ఈ నేలలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ ద్వారా చెరువుల పూడిక తీశారు, కట్టలను బలపరిచారు. 2020లో చంద్లాపూర్ వద్ద రంగనాయకసాగర్‌లోకి గోదావరి జలాలు చేరాయి. ఇవి చిన్న పనులు కావు. అయితే కట్టను కట్టడానికి కొన్ని నెలలు చాలు. కాపాడడానికి తరాలు కావాలి. కట్టినవారి పేర్లు శిలాఫలకం మీద చెక్కుతాము. కాపాడేవారికి ఏ ఫలకం మీదా చోటుండదు. నీరటి వ్యవస్థ బలహీనపడిన పల్లెలలో తూము చెడితే ఎవరిని అడగాలన్నది తెలియని స్థితి ఏర్పడుతుంది. నిర్మాణానికి ఇచ్చిన గౌరవాన్ని నిర్వహణకు ఇవ్వకపోవడం మన సమాజంలోని పెద్ద లోపమని నా అభిప్రాయం. దీపస్తంభపు చరిత్ర మనకు ఆ లోపాన్ని స్పష్టంగా చూపే అద్దం.

ఇటీవల దీపస్తంభాల మీద దేశం దృష్టి మళ్ళడం సంతోషకరం. 2024 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా 75 దీపస్తంభాల వద్ద పర్యాటక సౌకర్యాలను జాతికి అంకితం చేశారు. మెట్లెక్కి సముద్రాన్ని చూచుటకు, ఫోటోలు తీసుకొనుటకు జనం వస్తారు. రావలసిందే. కాని అక్కడికి వచ్చిన బాలుడికి ఈ స్తంభం ఎత్తెంత, ఎప్పుడు కట్టారు అన్న వివరాలతోనే మనం సరిపెట్టరాదు. ఇక్కడ రాత్రి ఎవరు మేలుకొన్నారు, ఎన్నిసార్లు బరువును చుట్టారు, తుపాను వచ్చిన నాడు ఆ కుటుంబం ఎక్కడ తలదాచుకొన్నది అన్నది కూడ చెప్పాలి. కాపరులు వ్రాసిన దినచర్య పుస్తకాలు ఎక్కడెక్కడ మిగిలి ఉన్నవో వెదకి, చెదలు తినకముందే వాటికి నకళ్ళు తీయించాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వంటి మహావిపత్తుల కాలంలో తీరం మీద గాలి, నీరు ఎట్లున్నవో చెప్పగల సాక్ష్యాలు అటువంటి పుస్తకాలలో దొరకవచ్చును. పదవీ విరమణ చేసిన కాపరుల జ్ఞాపకాలను వారి నోటనే విని భద్రపరచాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట ఇక్కడ ఎంతో తగినది. మేలుకొన్న తరం వెళ్ళిపోతే, గాజు, ఇనుము మిగులుతాయి గాని కథ మిగలదు.

తీరప్రాంత విద్యార్థులు చేయవలసిన పని అది అయితే, సిద్దిపేట ప్రాంత విద్యార్థులు చేయదగిన పని మరొకటి ఉన్నది. తమ ఊరి చెరువుకు ఒకప్పుడు నీరటిగా ఉన్నవారెవరో, నేడు తూము బాధ్యత ఎవరిదో విచారించి వ్రాయవచ్చును. రాత్రివేళ ఊరికి నీరు వదిలేవారు, విద్యుత్తు ఉపకేంద్రంలో మేలుకొని ఉండేవారు, ఆసుపత్రిలో రాత్రి కాపు కాసేవారు ఎవరెవరో తెలుసుకొనవచ్చును. వీరందరూ నేలమీది దీపపు కాపరులే. వారి పని సక్రమంగా సాగినంతకాలం వారు మనకు కనబడరు. కనబడనివారిని గుర్తించగలగడం చదువు నేర్పవలసిన సంస్కారాలలో ఒకటి.

గొప్ప నాగరికతను కట్టిన కట్టడాలతో కొలవడం పరిపాటి. వాటిని నిలబెట్టిన వారిని ఎట్లు చూచుకొన్నదన్నది అంతకన్న నిక్కమైన కొలబద్ద. స్తంభానికి సున్నం వేయించడం సులభం. కాపరికి చరిత్రలో చోటివ్వడమే మనం తీర్చవలసిన ఋణం.